రెండు కత్తుల పొత్తు

దుకాణములో సరుకు కొన్నప్పుడు చేతికి వచ్చు బిల్లు కాగితమును మీరెప్పుడైన అంచు వైపునుండి పరిశీలించి చూచితిరా? చాలవరకు అది 80 మిల్లీమీటర్ల వెడల్పో, 57 మిల్లీమీటర్ల వెడల్పో ఉండును. ఆ కాగితము ఆ వెడల్పుతో పుట్టినది కాదు. మిల్లులో అది కొన్ని మీటర్ల వెడల్పున, పెద్ద హాలులో పరచు జంపఖానావలె బయటికి వచ్చి, ఇనుప ఇరుసుకు చుట్టుకొనును. రాజమహేంద్రవరములోను, కాగజ్‌నగర్‌లోను ఉన్నట్టి కాగితపు మిల్లులనుండి బయలుదేరిన కాగితము మన యింటికి చేరులోపల ఒకటికి రెండుసార్లు నిలువునా చీల్చబడి, చిన్న చుట్టలుగ మారును. బిస్కత్తు పొట్లపు పై కాగితము, గాయముపై అంటించు పట్టీ, పార్సెలు కట్టలకు వేయు జిగురు టేపు, ఇవన్నియు అట్లు చీల్చబడినవే. ధ్వనిముద్రణ కంప్యూటరులోనికి మారకముందు అనేక దశాబ్దములపాటు రేడియోలో మీరు విన్న ప్రసంగములు, నాటికలు పావు అంగుళపు టేపుమీద నిలిచియుండెడివి. ఆ టేపు కూడ వెడల్పైన పొరనుండి చీల్చి తీసినదే.

ఈ పని చేయు యంత్రమును కార్ఖానాలలో స్లిట్టరు అందురు. ఒకవైపు పెద్ద చుట్ట విప్పుకొనుచుండును. నడుమ వరుసగ కత్తులుండును. రెండవవైపు చిన్న చుట్టలు చుట్టుకొనుచుండును. చూచుటకు ఇంతకంటె సులువైన యంత్రము లేదు. కాని దానితో కాపురము చేసినవారికే దాని పేచీలు తెలియును.

నేను ఈ యంత్రముల దగ్గర ముప్పది యేండ్లకు పైగా పనిచేసితిని. అంచు చెడినప్పుడు అందరి నోట మొదట వచ్చు మాట ఒక్కటే: “కత్తి మొద్దుబారింది, సాన పట్టించండి.” ఆ మాట కొన్నిమార్లు నిజమే, అనేక మార్లు కాదు. పదునును మాత్రము చూచి, తక్కినవాటిని చూడకపోవుటచేత సరుకు, కాలము నష్టమగుట అటుంచి, మనుష్యుల వ్రేళ్లు పోవుట కూడ నేను చూచితిని. ఆ సంగతి చెప్పుటకు ముందు కత్తులు ఎట్లు కోయునో కొంత చెప్పవలెను.

మీ యింటనున్న కత్తెరను చేతికి తీసికొనండి. నడుమ మర వదులైన కత్తెరతో పలుచని గుడ్డను కత్తిరింపబోయినచో గుడ్డ తెగదు. రెండు రేకుల నడుమ మడతపడి ఇరుకుకొనును. అప్పుడు అనుభవముగల దర్జీ సానవానికొరకు వెదకడు. బొటనవ్రేలితో ఒక రేకును రెండవదానివైపు ప్రక్కకు ఒత్తిపట్టి కత్తిరించును. గుడ్డ తెగును. పదును మారలేదు; రెండు రేకుల నడుమ ఎడము మారినది. కుడిచేతి కత్తెరను ఎడమచేతితో పట్టువారికి కూడ ఈ కష్టము తెలియును. వారి బొటనవ్రేలి ఒత్తిడి రేకులను దగ్గరకు చేర్చుటకు బదులు విడదీయును. కొత్త కత్తెర అయినను వారి చేతిలో గుడ్డను నమలును.

చీల్పు యంత్రములలో కోత మూడు విధములుగ జరుగును. మొదటిది క్షురముతో కోయుట. బిగువుగ పోవుచున్న పలుచని పొరకు అడ్డముగ ఒక్క బ్లేడు నిలిపినచో, చాకు అంచున అరటియాకు చీలినట్లు, అది చీలిపోవును. పలుచని ప్లాస్టిక్కు పొరలకు ఇది తగినది. రెండవది ఒత్తి కోయుట. కజ్జికాయల అంచును కత్తిరించు చిన్న చక్రమును పీటపై దొర్లించినట్లు, వాడి అంచుగల చక్రము గట్టి ఇనుప రోలరుపై ఒత్తుకొని దొర్లును. ఇది అమర్చుటకు సులువు. కాని సరుకును నలిపి తెంపును కనుక నూగు ఎక్కువ. మూడవది కత్తెర కోత. పై ఇరుసున పళ్లెమువంటి గుండ్రని కత్తి, క్రింది ఇరుసున ఉంగరమువంటి మరియొక కత్తి, రెండును తిరుగుచు, ఒకదాని ప్రక్క నొకటి ఒరసికొనుచు నడుమ వచ్చిన కాగితమును తెంచును. కాగితమును శుభ్రముగ చీల్చుటకు ఎక్కువగ వాడునది ఇదియే. పేచీలు ఎక్కువ తెచ్చునదియు ఇదియే.

ఈ మూడవ విధమునందు రెండు కత్తుల పొత్తును నిర్ణయించు కొలతలు నాలుగు. ఉదాహరణకు పై కత్తి అడ్డుకొలత 150 మి.మీ., క్రింది కత్తి అడ్డుకొలత 130 మి.మీ. అనుకొందము.

మొదటిది దిగుడు, అనగా పై కత్తి అంచు క్రింది కత్తి అంచును దాటి ఎంత లోతు దిగినదన్నది. సాధారణమైన కాగితమునకు ఇది ఒక మిల్లీమీటరు, అటునిటు. దిగుడు ఒక మిల్లీమీటరు ఉన్నప్పుడు రెండు అంచులు మొదట కలియు చోటు ఇరుసుల నడిమి గీతకు ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా ముందుండును. దిగుడును రెండు మిల్లీమీటర్లు చేసినచో అది సుమారు 12 మిల్లీమీటర్లకు జరుగును. కాగితము అంత ముందుగ తెగి, అంత సేపు కత్తి ప్రక్కన ఒరయుచు పోవును, కోసిన అంచు క్రిందికి వంగును, నూగు పెరుగును. “లోతు పెంచితే బాగా తెగుతుంది” అని చాలమంది నమ్ముదురు. తెగుట నిజమే, అంచు మాత్రము పాడగును.

రెండవది మొగ్గు. పై కత్తిని క్రింది కత్తికి సరిగ సమాంతరముగ నిలుపరు. సుమారు అర డిగ్రీ ప్రక్కకు మొగ్గించి, కాగితము ప్రవేశించు వైపున, అనగా కత్తుల నోటి దగ్గర, రెండు అంచులు తాకునట్లును, కాగితము వెడలిపోవు వైపున కొంచెము ఎడమగునట్లును అమర్చుదురు. ఆ ఎడము ఎంత? పైన చెప్పిన కొలతలకు సుమారు 0.15 మి.మీ. వ్రాత కాగితము మందము సుమారు 0.1 మి.మీ. ఈ రెండు అంకెలను దయచేసి జ్ఞాపకముంచుకొనండి. తరువాత వీటితో పని యున్నది.

మూడవది ప్రక్క ఒత్తిడి. దర్జీ బొటనవ్రేలు చేయు పని ఇక్కడ స్ప్రింగో, గాలి ఒత్తిడియో చేయును. రెండు అంచులు విడిపోకుండునంత ఒత్తిడి చాలును. మించినచో కత్తి కాగితమును కోయుట తక్కువ, తన జతకత్తిని అరగదీయుట ఎక్కువ.

నాలుగవది వేగము. క్రింది కత్తిని కాగితముకంటె నూటికి మూడు మొదలు ఐదు పాళ్లు ఎక్కువ వేగముతో త్రిప్పుట సాధారణ పద్ధతి. కాగితము నిమిషమునకు 300 మీటర్లు పోవుచున్నచో కత్తి అంచు 309 మొదలు 315 మీటర్లు పోవలెను. అప్పుడు కత్తి కాగితమును తన నోటిలోనికి బిగువుగ లాగికొనును. కత్తి వెనుకబడినచో కాగితము నోటి దగ్గర పోగుపడి, ముడతపడి, చిరుగును.

ఇక నా అనుభవము.

1978లో నేను ఒక పట్టణములోని చిన్న కార్ఖానాలో సహాయకుడుగ చేరితిని. పెద్ద కాగితపు చుట్టలను చీల్చి చిన్న చుట్టలు చేయుట అక్కడి పని. ఆ యేడు వానకాలములో ఒక స్లిట్టరుపై అంచులు చెడుట మొదలయ్యెను. అన్ని కత్తులు బాగుగనే ఉండెను. ఎడమనుండి మూడవ కత్తి దగ్గర మాత్రము అంచు పీచు పీచుగ వచ్చి, తెల్లని నూగు కుప్పలుగ రాలుచుండెను. కొన్నవారు చుట్టలు త్రిప్పి పంపిరి. యజమాని ఆజ్ఞపై కత్తిని విప్పి సాన పట్టించిరి. మరల బిగించినప్పుడు మునుపటికంటె అధ్వాన్నముగ తెగెను. రెండవసారి సాన పట్టించిరి. మూడవసారి కూడ పట్టించిరి. ఫలము లేదు. సానవాడు పనికిమాలినవాడని నిర్ణయించి అతనిని మార్చిరి.

అంతలో నూగు పేరుకొని కాగితము తెగిపోవుచుండుటచేత, యంత్రమును మాటిమాటికి ఆపుట ఇష్టములేక, దానిని నడుచుచుండగనే తుడుచుట అలవాటయ్యెను. తుడుచుటకు వీలుగ ఉండునని కత్తిపై కప్పును తీసి ప్రక్కన పెట్టిరి. కదలు యంత్రభాగములకు కంచె యుండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము నిర్దేశించినదని మాలో ఎవరికిని తెలియదు, తెలిసినవారు చెప్పలేదు. ఒకనాటి రెండవ షిఫ్టులో, నాకంటె నాలుగేండ్లు పెద్దవాడు, నాకు పని నేర్పుచున్నవాడు, గుడ్డపీలికతో నూగు తుడువబోయెను. పీలిక కత్తుల నోట చిక్కుకొనెను. పీలికతోపాటు చేయి పోయెను. చూపుడువ్రేలు, నడిమివ్రేలు మొదటి కణుపు వరకు తెగిపోయెను. రిజిస్టరులో ఆ ప్రమాదమునకు కారణము “కార్మికుని అజాగ్రత్త” అని వ్రాసిరి.

నాలుగు దినముల తరువాత ఆ కార్ఖానాలో పూర్వము పనిచేసి మానుకొన్న ఒక ముసలి ఫిట్టరును పిలిపించిరి. అందరు ఆయనను మేస్త్రీగారు అనెడివారు. ఆయన వచ్చి కత్తిని వ్రేలితో తాకి చూడలేదు. మొదట నేల మీద పడియున్న కాగితపు అంచును తీసి కిటికీ వెలుతురులో పట్టి చూచెను. తరువాత మెయిన్ స్విచ్చి తీయించి, దాని పెట్టెకు తాళము వేయించి, తాళపుచెవి తన జేబులో వేసికొనెను. అప్పుడు కత్తి వెనుక ఒక తెల్ల కాగితము నిలిపి, దానిపై చేతి దీపపు వెలుగు పడునట్లు నన్ను పట్టుకొమ్మని, ముందునుండి ఒక కన్ను మూసి చూచెను.

“మూడుసార్లు సాన పట్టారు గదా! దీని నోరు ఎటువైపు ఉందో ఒక్కడన్నా చూశాడా?” అనెను. “ఇలా వచ్చి చూడు అబ్బాయీ.”

చూచితిని. కాగితము ప్రవేశించు వైపున రెండు కత్తుల నడుమ సన్నని వెలుగు గీత కనబడెను. వెడలిపోవు వైపున వెలుగు లేదు; అక్కడ కత్తులు తాకుచుండెను. ఉండవలసినదానికి సరిగ తలక్రిందు. కొన్ని వారములకు ముందు బేరింగు మార్చుటకు ఆ కత్తి పట్టును విప్పిరి. మరల బిగించునప్పుడు దాని క్రింద ఉండవలసిన పలుచని రేకుబిళ్ల అటుదిటు పడినది. కత్తి మొగ్గు తిరుగబడినది. ఇంతకుముందు జ్ఞాపకముంచుకొమ్మన్న అంకెలను ఇప్పుడు చూడండి. ప్రవేశించు వైపున 0.15 మి.మీ. ఎడము, వచ్చు కాగితము 0.1 మి.మీ. మందము. ఆ సందులోనికి కాగితము దూరి, మడతపడి, చిరిగి, ఆ తరువాత ఎక్కడనో తెగుచుండెను. క్షౌరపు కత్తివంటి పదును పెట్టినను ఆ నోటిలో కాగితము చిరుగక తప్పదు.

మేస్త్రీగారు రేకుబిళ్లను సరిచేసి, దిగుడును కొలిచి మరల పెట్టి, యంత్రమును నిదానముగ నడిపించెను. అదే కత్తి. అంచు గీత గీసినట్లు వచ్చెను. ఆ సాయంత్రము నేను మా సహోద్యోగి ఇంటికి పోయి సంగతి చెప్పితిని. అతడు కట్టుకట్టిన చేతిని ఒడిలో పెట్టుకొని విని, “మళ్ళీ సాన పట్టారా?” అని అడిగెను. లేదంటిని. చాలసేపు అతడు ఏమియు మాటలాడలేదు.

ఆనాటినుండి నాకు కలిగిన నమ్మకమిది: అంచు చెడుట సరుకుకు సంబంధించిన చిన్న విషయము కాదు. కోత చెడిన చోటికే మనుష్యుని చేయి పోవును. నూగు తుడుచుటకు పోవును, చిక్కు తీయుటకు పోవును, తెగిన కాగితమును అందుకొనుటకు పోవును. కనుక కోతను సరిగ ఉంచుట చేతులను కాపాడుటయే.

అయితే లోపమును ఎట్లు కనిపెట్టవలెను? మేస్త్రీగారు చేసినట్లు మొదట అంచును చదువవలెను. వైద్యుడు మందు పెట్టె తెరచుటకు ముందు నాడి చూచును గదా! అంచు చెప్పు సంగతులు కొన్ని చెప్పెదను.

అంచు పొడవునా ఒకే తీరుగ పీచుగ ఉండి, నూగు ఎడతెగక రాలుచున్నచో, అది అన్ని చోట్ల ఉన్న లోపము: కత్తి మొద్దుబారుట, దిగుడు మించుట, ఒత్తిడి మించుట, మొగ్గు తప్పుట, వేగము చాలకపోవుట. ఇందులో పదును ఐదింట ఒకటి మాత్రమే.

అంచు బాగుగ ఉండి, సమానమైన దూరములలో ఒక్కొక్క గాటు కనబడుచున్నచో, కత్తి అంచున ఒకచోట పెచ్చు ఊడినది. ఏ కత్తిది? గాట్ల నడిమి దూరమును టేపుతో కొలిచినచో కత్తియే తన పేరు చెప్పును. 150 మి.మీ. కత్తి చుట్టుకొలత సుమారు 471 మి.మీ.; 130 మి.మీ. కత్తిది సుమారు 408 మి.మీ. కత్తులు కాగితముకంటె నూటికి నాలుగు పాళ్లు వేగముగ తిరుగుచున్నచో గాట్లు ఆ మేరకు దగ్గరగ పడును: పై కత్తి గాట్లు సుమారు 45 సెంటీమీటర్లకు, క్రింది కత్తి గాట్లు సుమారు 39 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున. కత్తి విప్పకుండగనే నేరము ఎవరిదో తెలిసిపోవును.

అంచు పాము నడకవలె అటునిటు వంకరపోవుచున్నచో అది పదునుకు సంబంధించినది కాదు. క్రింది కత్తి నిటారుగ తిరుగుట లేదు. లేదా ఇరుసు బేరింగులో ఊగుచున్నది. లేదా కాగితమే బిగువు చాలక ప్రక్కలకు జరుగుచున్నది. క్రింది కత్తుల నడుమ వేయు ఉంగరములను తుడువక బిగించినచో, చిక్కుకొన్న ఒక్క నూగు పోగు చాలును, కత్తిని ఓరగ నిలుపుటకు. డయల్ గేజి ఆనించి కత్తిని చేతితో నెమ్మదిగ త్రిప్పినచో ముల్లు ఊగుట కనబడును. చెవికి కూడ పని యున్నది. సరిగ తిరుగుచున్న కత్తుల శబ్దము ఒకే తీరుగ సాగును. ఓరగ నిలిచిన కత్తి ప్రతి చుట్టునకు ఒకసారి ‘టిక్కు’మనును.

ఒకే కోతకు రెండు అంచులుండును. క్రింది కత్తిపై ఆనుకొనియున్న వైపు అంచు బాగుగను, పై కత్తి క్రిందికి నొక్కిన వైపు అంచు కొంచెము తక్కువగను ఉండుట సహజము. ఆ భేదము ఎక్కువైనప్పుడు దిగుడును అనుమానింపవలెను. చుట్టల కొసలలో పారవేయు పట్టీ ఉన్నప్పుడు, తక్కువ అంచు ఆ పట్టీకి పోవునట్లు కత్తులను అమర్చుట తెలివిగల పద్ధతి.

కోత జరుగు చోట కాగితమునకు ఆధారమున్నదా అన్నది మరియొక ప్రశ్న. కాగితము క్రింది కత్తిని పై కొసన మాత్రము తాకి పోవు యంత్రములలో, పై కత్తిని సరిగ నడిమి గీతపై నిలిపినచో, అంచులు కలియు చోటు కాగితము ఆనుకొను చోటుకు ఎనిమిది మిల్లీమీటర్లు ముందు పడును. అక్కడ కాగితము గాలిలో ఉన్నది. గాలిలోని కాగితము కోతకు ముందు వంగును. అందుచేత పై కత్తిని కొంచెము వెనుకకు, అనగా కాగితము పోవు దిక్కునకు జరిపి, కాగితము ఆనుకొన్న చోటనే కోత పడునట్లు చేయుదురు. ఈ చిన్న జరుపు తెలియక ఎందరో కత్తులు మార్చిరి.

ఇక సాన సంగతి. కత్తి నిజముగ మొద్దుబారినచో సాన పట్టక తప్పదు. కాని సాన పట్టిన కత్తి మునుపటి కత్తి కాదు, చిన్నదైన కత్తి. 150 మి.మీ. కత్తి సానవలన 148 మి.మీ. అయినదనుకొనండి. దాని అంచు ఒక మిల్లీమీటరు పైకి పోయినది. పట్టును మునుపున్న ఎత్తుననే బిగించినచో, ఒక మిల్లీమీటరు దిగుడు కాస్త సున్న అయినది. ఆ కత్తి ఏమి కోయును? మా కార్ఖానాలో ప్రతి సానకు కోత మరింత చెడుటకు ఇదియు ఒక కారణము. దానికి సానవాడు బలియయ్యెను. సాన పట్టునప్పుడు నీరు చాలక అంచు నీలిరంగు తిరిగినచో ఉక్కు మెత్తబడినదని తెలిసికొనవలెను. అట్టి పదును నిలువదు. సాన మిగిల్చిన సన్నని లోహపు పోగును కూడ అంచునుండి తీసివేయవలెను. అది అట్లే ఉన్నచో మొదటి చుట్టులోనే విరిగి, జతకత్తిని గాయపరచును.

ఇన్ని కారణములు విన్న తరువాత దేనిని ముందు చూడవలెనని అడుగుదురు. నేను పాటించిన వరుస ఇది. మొదట అంచు చదువుట. తరువాత కాగితపు బిగువు, దాని నడక. తరువాత యంత్రమునాపి, తాళము వేసి, కత్తుల నోరు దీపముతో చూచుట. తరువాత దిగుడు, ఒత్తిడి, వేగము. చిట్టచివర పదును. ఒక మారు ఒక్క కొలతనే మార్చవలెను. మార్చిన వెంటనే కొన్ని మీటర్లు నడిపి అంచు చూడవలెను. రెండింటిని ఒకేసారి మార్చినచో, కోత బాగుపడినను దేనివలన బాగుపడెనో తెలియదు. మరల చెడినప్పుడు మొదటికి వత్తుము. మార్చిన ప్రతి కొలతను ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. ఎవరు ఏ పట్టును విప్పిరి, ఎట్లు బిగించిరి అని వ్రాసిన పుస్తకము మా కార్ఖానాలో ఉండినచో, రేకుబిళ్ల అటుదిటు పడిన సంగతి మొదటి దినముననే బయటపడెడిది.

సరుకు మారినప్పుడు కొలతలు మారును. పొత్తు అవసరము మారదు. ఉక్కు రేకును చీల్చునప్పుడు రెండు కత్తులు తాకరాదు. వాని నడుమ రేకు మందములో నూటికి ఐదు మొదలు పది పాళ్ల ఎడము వదలుదురు; అర మిల్లీమీటరు రేకుకు అది మిల్లీమీటరులో నూరవ వంతుల లెక్క. కోసిన రేకు అంచును దీపమునకు పట్టినచో మీద కొంత మెరయు పట్టీ, క్రింద మసకగ విరిగిన పట్టీ కనబడును. ఎడము మించినను, కత్తి మొద్దుబారినను క్రింది కొసన లోహపు ముల్లు లేచును. ట్రాన్స్‌ఫార్మరు లోపల ఒకదానిపై నొకటి పేర్చు పలుచని రేకులకు అట్టి ముల్లు ఉన్నచో, అది రేకులనడిమి విద్యున్నిరోధక పూతను గ్రుచ్చుకొనిపోయి, రేకునుండి రేకుకు విద్యుత్తు పారునట్లు చేసి, వేడి పుట్టించును. పూర్వకాలపు వాల్వు రేడియో ఒకటి మీ అటకమీద ఉన్నచో, దాని లోపలి బరువైన ట్రాన్స్‌ఫార్మరులో ఇట్టి రేకులే ఉన్నవి. అట్లే పావు అంగుళపు టేపు అంచు వంకరగ చీలినచో అది తన దారిలో పామువలె కదలి, పాట హెచ్చుతగ్గులుగ వినబడెడిది. అంచునుండి రాలిన పొడి యంత్రపు ముఖమునకు అంటుకొని గొంతును మూగబరచెడిది. వినువారు రేడియోను త్రిప్పి త్రిప్పి చూచెడివారు. దోషము ఎక్కడనో ఒక చీల్పు యంత్రపు కత్తుల నడుమ ఉండెడిది.

ఈ వృత్తిలో పిల్లలున్న ఇండ్లవారికి ఒక్క మాట చెప్పి ముగించెదను. ఆగియున్న కత్తి కూడ కోయును. కనుక కత్తిని విప్పునప్పుడు, మోయునప్పుడు గట్టి చేతితొడుగు వేసికొనవలెను, పెట్టెలో పెట్టి మోయవలెను. కాని తిరుగుచున్న కత్తుల దగ్గరకు చేతితొడుగుతోగాని, పీలికతోగాని, వట్టిచేతితోగాని పోరాదు. తొడుగు, పీలిక చేతిని లోనికి లాగును. కప్పు తీసిన యంత్రమును నడుపుమని ఎవరు చెప్పినను నడుపరాదు. స్విచ్చి తీసి, తాళము వేసి, తాళపుచెవి తన జేబులో పెట్టుకొన్నవాడే కత్తిని ముట్టవలెను. మీ అబ్బాయి పనినుండి ఇంటికి వచ్చి “కత్తి తెగడం లేదు, నూగు తుడిచి తుడిచి చచ్చాం” అని విసుగుకొన్నచో, అది మామూలు విసుగని వదలివేయక, యంత్రమునాపి తుడుచుచున్నారా, నడుచుచుండగనే తుడుచుచున్నారా అని అడుగండి.

ఈసారి దుకాణములో బిల్లు చేతికి వచ్చినప్పుడు దాని అంచును ఒకసారి వెలుతురులో చూడండి. అది గీత గీసినట్లున్నచో ఎక్కడనో ఒకడు కత్తి నోటిని దీపముతో చూచి, దిగుడు కొలిచి, అప్పుడు యంత్రమును నడిపినాడు.